మాజీ సైనికులకు కాలేజీ ఫీజు సగం చేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పరకాల దగ్గర పల్లె. ఇంటర్ కాగానే ఆర్మీలో చేరి, 17 ఏళ్లు చేసి, హవల్దార్‌గా రిటైరై 36 ఏళ్లకు ఊరికొచ్చాను. సర్వీసులో ఉండగానే దూరవిద్యలో బీఏ చేశాను, పరీక్షలప్పుడు సెలవు దొరక్క రెండేళ్లు ఎక్కువే పట్టింది. ఇప్పుడు ఎల్‌ఎల్‌బీ చదవాలని ఉంది. భూమి కాగితాల కోసం మా ఊరోళ్లు వకీళ్ల చుట్టూ తిరగడం సెలవుకొచ్చినప్పుడల్లా చూసేవాణ్ని.

పోయిన నెల హన్మకొండలో ఒక కాలేజీకి పోయి, డిశ్చార్జ్ బుక్కు (ఆర్మీలో పనిచేసి వచ్చినట్టు ఇచ్చే పుస్తకం) కౌంటర్ మీద పెట్టి, ఫీజులో ఏమైనా తగ్గుతుందా అని అడిగాను. అక్కడున్న మేడమ్ పేజీలన్నీ ఓపిగ్గా తిప్పింది. "మీ పిల్లలకైతే ఏమన్నా ఉంటది సార్, మీకైతే లేదు" అని బుక్కు మూసి నా వైపు జరిపింది.

ఆమె తప్పేం లేదు. ఇంజనీరింగ్ అడ్మిషన్లలో సైనికుల పిల్లలకు 2 శాతం సీట్లున్నాయి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద మాజీ సైనికుల ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 వస్తాయి, సైనికుల వితంతువులకూ అది వర్తిస్తుంది. అవి ఉండాల్సిందే, రేపు నా బిడ్డకూ అదే ఆసరా. కానీ సరిహద్దులో చేసొచ్చినోడు తానే చదువుకుంటానంటే ఎవరి దగ్గరికి పోవాలి?

పెన్షన్ వస్తుంది కదా అంటారు. వస్తుంది, అమ్మానాన్నల మందులకూ పిల్లల బడి ఫీజులకూ ఇంటి అప్పుకూ పోతుంది. నాతోపాటు రిటైరైన ఇద్దరు వరంగల్‌లో సెక్యూరిటీ డ్యూటీలు చేస్తున్నారు, ఇద్దరికీ చదవాలనే ఉంది.

నా సంగతి పక్కన పెట్టినా అగ్నివీర్ల, అంటే నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే పిల్లల సంగతి ఆలోచించండి. 2022లో తెచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్లయ్యాక నూటికి 25 మంది వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవానిధి కింద వచ్చే 11.71 లక్షలు పట్టుకుని ఇంటికి రావాలి, పెన్షన్ లేదు. పదిహేడున్నరేళ్లకు చేరిన పిల్లగాడు ఇరవై రెండు నిండకుండానే వచ్చేస్తాడు, అది కాలేజీకి పోయే వయసే కదా! ఆ డబ్బు అక్క పెళ్లికో, ఇల్లు కట్టడానికో పోయాక చదువుకు ఏం మిగులుతుంది?

అమెరికా 1944లోనే, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే చట్టం చేసి, తిరిగొచ్చిన సైనికుల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టింది, 20 లక్షల మందికి పైగా కాలేజీల్లో చేరారు. మేం మొత్తం అడగట్లేదు, సగమే. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలతో మొదలుపెట్టండి, ప్రైవేట్ కాలేజీలైతే ఆ సగం ప్రభుత్వం భరించాలి. వయసు అడ్డం పెట్టొద్దు. డిశ్చార్జ్ బుక్కు చూపిస్తే చాలనాలి, ఇంకో సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు. మన జిల్లా ఎమ్మెల్యేలు, మంత్రులు వచ్చే అడ్మిషన్ల లోపు జీవో ఇప్పిస్తే నేను మళ్లీ అదే కౌంటర్ దగ్గరికి పోతాను.

- ఒక మాజీ హవల్దార్, పరకాల, హన్మకొండ జిల్లా