ఇంకే మార్గదర్శకాలు రావాలి?

సంపాదకులు గారికి,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో ఓ మూలన వార్త వేశారు. జ్వరంతో దవాఖానకు వచ్చిన ట్రాన్స్‌జెండర్‌ను ఏ వార్డులో చేర్చాలో తేలక సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టారట. అడిగితే ‘మాకు మార్గదర్శకాలు రాలేదు’ అన్నారట పెద్దసారు.

ఎక్కణ్నుంచి రావాలి సార్? ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లోనే చేరింది. మేలైన ఆరోగ్యం ప్రతి మనిషి హక్కని అందులో 12వ అధికరణ. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితానే మార్చింది, 2022 నుంచి అమల్లో ఉంది. అదంతా జెనీవా ముచ్చట, మనకెందుకంటారా? ట్రాన్స్‌జెండర్లకు దవాఖానల్లో సరైన వైద్యం అందేలా చూడమని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టే ప్రభుత్వాలకు చెప్పింది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణ చట్టంలో 15వ సెక్షన్ మొత్తం వాళ్ల ఆరోగ్యం గురించే. హార్మోన్ చికిత్స, ఆపరేషన్, బీమా, ఆఖరికి డాక్టర్ల సిలబస్ కూడా అందులో ఉంది.

రెండేళ్ల కింద మా గల్లీలో ఉండే ట్రాన్స్‌జెండర్ ఒకామె కాలు విరిగితే నేనే ఆటోలో తీసుకుపోయాను. ఏ దవాఖానో రాయను. ఓపీ చీటీ రాసే అతను ‘ఆడనా, మగనా’ అని లైన్లో అందరూ వినేటట్టు మూడుసార్లు అడిగాడు. గుర్తింపు కార్డు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, ‘దీన్ని కంప్యూటర్ తీసుకోదు’ అన్నాడు. విరిగిన ఎముకకు ఆడేంది, మగేంది? ఎక్స్‌రే గదిలో కిసకిసలు సరేసరి. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఒక్క మాటే అన్నది: “ఐనోలు మల్లన్న జాతరల ఇవే కాళ్లు మొక్కుతరు సార్.”

ఈ ‘కంప్యూటర్ తీసుకోదు’ అనేది ఇప్పుడు అన్ని ఆఫీసులకూ మంత్రమైంది. ఇంటిపన్ను రసీదులో నా పేరులో ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి పదకొండు నెలలు తిరిగాను. రిటైరైన టీచర్‌ను, మగవాణ్ని, నా గతే అది!

మీకూ ఒక మాట. ఆ చిన్న వార్తలోనే ఓ వాక్యంలో ‘అతడు’, ఇంకో వాక్యంలో ‘ఆమె’ అని రాశారు. మనిషిని అడిగితే చెప్పేది కదా?

పెద్దసారుకు 15వ సెక్షన్ జిరాక్స్ తీసి స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు సోమవారం ఆఫీసు ముద్రతో సహా నా చేతికొచ్చింది.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ