శాంతి దళంలో పనిచేసి తెచ్చుకున్న పతకాలనూ గౌరవించండి

సంపాదకుడు గారికి,

ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే మా మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో మాజీ సైనికులను పిలిచి శాలువా కప్పుతారు. మంచి పనే. అయితే ఛాతీ మీది పతకాలు చూడగానే అందరూ అడిగేది ఒకటే: "ఏ యుద్ధంలో వచ్చిందండీ?" ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేసినందుకు ఇచ్చారంటే, "ఓహో" అని పక్కాయన దగ్గరికి వెళ్లిపోతారు. సైన్యంలో రోడ్లు, వంతెనల పనులు చేసే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో హవల్దార్‌గా రిటైరైన మా నాన్నగారికీ ఇదే ఎదురైంది. పక్కనే ఉన్న నాకు చాలా కష్టమనిపించింది.

ఆ పతకం ఊరికే రాదు. సమితి మిషన్‌లో 90 రోజులైనా పనిచేసి ఉండాలి. జవానుకైనా జనరల్‌కైనా ఇచ్చేది అదే పతకం. మన దేశం నుంచి ఇంతవరకు 2,90,000 మందికి పైగా ఈ దళాల్లో పనిచేశారు. దాదాపు 180 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. దళాలు పంపిన మరే దేశమూ ఇంతమందిని కోల్పోలేదు. కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా 1961 డిసెంబరులో కాంగోలో చనిపోయింది సమితి దళంలో ఉండగానే. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. కొరియా యుద్ధానికి మనం పంపింది వైద్య దళాన్ని, అంటే 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను. దాన్ని నడిపిన డాక్టర్, లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్‌కు మహావీర చక్ర వచ్చింది.

బెంగళూరు వాళ్లకైతే జనరల్ తిమ్మయ్య గురించి వేరే చెప్పాలా? సైన్యాధిపతిగా రిటైరయ్యాక కూడా సైప్రస్‌లో సమితి దళానికి కమాండర్‌గా వెళ్లి, 1965 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు. ఆ దేశం ఆయన పేరున తపాలా బిళ్ల వేసింది. ఆయన సమాధి ఈ ఊళ్లోనే ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

నాన్నగారు దక్షిణ సూడాన్‌లో చేసింది రోడ్డు పని. వానలకు కొట్టుకుపోయిన మట్టి రోడ్లను బాగుచేస్తేనే శిబిరాలకు బియ్యం, మందుల లారీలు చేరేవట. మనవాళ్లు సరిహద్దుల్లో 9,000 అడుగుల పైన చలిలో కాపలా కాసినందుకు ఇచ్చే హై ఆల్టిట్యూడ్ మెడల్‌ను కూడా జనం ఇలాగే తేలిగ్గా తీసేస్తారు.

శౌర్య పతకాల స్థానం వేరు, అది అలాగే ఉండాలి. వాటికి కేంద్రం నెలనెలా ఇచ్చే భత్యం, పైన చెప్పినలాంటి సేవా పతకాలకు లేదు. నేను అడిగేది డబ్బు కాదు. మే 29 అంతర్జాతీయ శాంతి పరిరక్షకుల దినం. ఆ రోజు మీ బెంగళూరు ఎడిషన్‌లో, తెలుగు జిల్లాల నుంచి శాంతి దళాలకు వెళ్లొచ్చిన వారి గురించి ఒక్క పేజీ వేయండి. స్కూళ్లు, అసోసియేషన్ల వాళ్లకు కూడా ఒక మనవి. శాలువా కప్పే ముందు, ఆ మనిషి ఏ దేశంలో ఏ పని చేశారో కనుక్కుని మైకులో చదవండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుని కుమార్తె,
మారతహళ్లి, బెంగళూరు