క్రూయిజ్ బుక్ చేసుకున్నవాళ్లకు: మాస్కు, సబ్బు, మా కొత్త షరతులు

సింగపూర్, అలాస్కా, ముంబై–లక్షద్వీప్ ఓడలకు మా దగ్గర బుక్ చేసుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఓడలో మాస్కు తప్పనిసరా? ఎవరికైనా జబ్బు చేస్తే కట్టిన డబ్బు ఏమవుతుంది? మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదాని కోసం మా షరతులే మార్చాం. కొన్నిచోట్ల ఖర్చు పెరుగుతుంది, అదీ దాచకుండా చెబుతున్నాం.

ముందు మాస్కు సంగతి. ఇప్పుడు మేం బుక్ చేసే ఓడల్లో ప్రయాణికులంతా మాస్కు పెట్టుకోవాలన్న నియమం లేదు. అమెరికాలో ఓడలకు, విమానాలకు కలిపి 2021 ఫిబ్రవరిలో తెచ్చిన మాస్కు ఆదేశాన్ని 2022 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఓడల కోసం అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ విడిగా నడిపిన కోవిడ్ కార్యక్రమం కూడా 2022 జులై 18తో ముగిసింది. అప్పట్నుంచి నిర్ణయం ఓడ కంపెనీది, ఓడ ఆగే రేవు ఏ దేశంలో ఉంటే ఆ దేశానిది. కాబట్టి టికెట్ కొన్నరోజున లేని నియమం ఎక్కేరోజుకు రావచ్చు, ప్రయాణం మధ్యలోనూ రావచ్చు. టికెట్ షరతుల్లో కంపెనీకి ఆ అధికారం ఉంటుంది. అప్పుడు "బుక్ చేసేటప్పుడు చెప్పలేదు" అంటే ఎవరూ వినరు. మనిషికి పది చొప్పున ఎన్95 మాస్కులు చేతిసంచీలో పెట్టుకోండి. చెక్-ఇన్ చేసిన పెట్టె క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు. జనం ఒకరినొకరు తోసుకునే చోటు టెర్మినల్ హాలు, అది మధ్యాహ్నమే అయిపోతుంది.

నియమం లేకపోయినా 60 దాటినవాళ్లు, షుగరు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎక్కడ పెట్టుకుంటే ఉపయోగం? విమానంలో, టెర్మినల్‌లో, ఇమిగ్రేషన్ క్యూలో, లిఫ్టులో, థియేటర్లో, ఓడ ఎక్కిన రోజు అందరినీ హాజరవ్వమనే భద్రతా డ్రిల్లులో, ఊరు చూపించే బస్సులో. పై డెక్కు మీద గాలిలో అవసరం లేదు. మాస్కు పెట్టుకోగానే ముక్కు దగ్గర తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా గాలి వదిలి చూడండి. కళ్లద్దాలు మసకబారితే పైనుంచి గాలి పోతోందని అర్థం. నీలంరంగు సర్జికల్ మాస్కుకు రెండు బుగ్గల పక్కనా సందులుంటాయి. మీ దగ్గు ఎదుటివాళ్ల మీద పడకుండా అది బాగానే ఆపుతుంది గానీ, ఎదుటివాళ్ల నుంచి మిమ్మల్ని అంతగా కాపాడదు. గడ్డం ఒత్తుగా ఉంటే ఎన్95 కూడా సరిగా అతుక్కోదు.

ఫ్లూ చలికాలపు జబ్బేనని అనుకోకండి. 1998 వేసవిలోనే అలాస్కాలో, దాని పక్కనున్న కెనడా ప్రాంతం యూకాన్‌లో క్రూయిజ్ ప్రయాణికులకు, పర్యాటక సిబ్బందికి ఇన్‌ఫ్లుయెంజా పెద్దఎత్తున సోకింది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కణ్నుంచి అలాస్కా ఓడ ఎక్కే పెద్దవాళ్లు కనీసం రెండు వారాల ముందే ఫ్లూ టీకా వేయించుకోవాలి. శరీరం రక్షణ తయారుచేసుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

అయితే క్రూయిజ్ ఓడల్లో తరచూ చెలరేగేది దగ్గు జలుబు మాత్రమే కాదు. వాంతులు, విరేచనాలు. ఎక్కువసార్లు కారణం నోరోవైరస్. దాని మీద మాస్కు పెద్దగా పనిచేయదు, శానిటైజర్ కూడా సరిగా పనిచేయదు. కోవిడ్, ఫ్లూ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొర లేదు. చేతులకు జెల్ రాసుకుని వచ్చి బఫేలో నిలబడితే వైరస్ చేతి మీదే ఉంటుంది. వందలోపు కణాలు నోట్లోకి వెళ్లినా జబ్బు చేస్తుంది. సబ్బు పని వేరు. అది చర్మాన్ని పట్టుకున్నదాన్ని వదిలిస్తుంది, నీళ్లు కొట్టుకుపోయేలా చేస్తాయి. అందుకే రుద్దడం ఎంత ముఖ్యమో పారే నీళ్ల కింద కడగడం అంతే ముఖ్యం. ఇరవై సెకన్లు రుద్దాలి. బొటనవేళ్లు, గోళ్ల సందులు, ఉంగరాల కింద ఎక్కువగా మిగిలిపోతుంది. ప్రయాణానికి ముందు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్లండి.

చేత్తో అన్నం తినే మనకు ఇంకో చిక్కుంది, ఓడవాళ్లు పెట్టే బోర్డుల మీద ఇది రాసి ఉండదు. బఫే గుమ్మం దగ్గర చేతులు కడుక్కోమని సిబ్బంది చెబుతారు, అందరూ కడుక్కుంటారు. తర్వాత పళ్లెం తీసుకుని, వందలమంది పట్టుకున్న గరిటెలు, పటకారులు పట్టుకుని వడ్డించుకుంటారు, కుర్చీ లాక్కుని కూర్చుంటారు, అదే చేత్తో అన్నం కలుపుతారు. స్పూనుతో తినేవాళ్లకు చెయ్యి నోటిదాకా పోదు. మనకు పోతుంది. పద్ధతి ఇలా మార్చుకోండి: వడ్డించుకుని పళ్లెం బల్ల మీద పెట్టి, ఒకరిని కాపలా ఉంచి, మళ్లీ వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చి తినండి. రెండోసారి వడ్డించుకుంటే మళ్లీ కడుక్కోవాలి. ఇది విసుగనిపిస్తే బఫే వదిలేసి, వెయిటర్లు వడ్డించే డైనింగ్ హాలుకు వెళ్లండి. శాకాహారం, జైన భోజనం చాలా ఓడల్లో అక్కడా దొరుకుతుంది, ముందురోజు రాత్రే చెప్పాలి.

గ్రూపు టూర్లలో ఊరగాయ సీసా, కారప్పొడి డబ్బా బల్ల చుట్టూ తిప్పడం మా టూర్లలో ఆపేస్తున్నాం. ఇంట్లో చేసిన తిండిని చాలా ఓడలు ఎలాగూ లోపలికి రానివ్వవు. మూత తెరవని, కంపెనీ సీలున్న చిన్న ప్యాకెట్లు ఎవరివి వాళ్లకు ఇస్తాం.

ఓడల్లోనే ఇన్ని జబ్బులెందుకని కొందరు భయపడుతున్నారు. అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో సీడీసీ 1975 నుంచి పరిశుభ్రత తనిఖీలు చేస్తోంది. నూటికి మార్కులు వేస్తారు, 86 కంటే తగ్గితే తప్పినట్టే. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మంది వాంతులు, విరేచనాలతో వైద్యుడి దగ్గరికి వెళ్తే ఆ ఓడ పేరు బహిరంగంగా ప్రకటిస్తారు. మూడువేలమంది ప్రయాణికులున్న ఓడలో అది 90 మంది. 2024లో అలాంటి ప్రకటనలు 18 వచ్చాయి. మన ఊళ్లో పెళ్లి భోజనం తర్వాత ఎంతమందికి కడుపు చెడిందో ఎవరూ లెక్కపెట్టరు, ఓడలో లెక్కపెడతారు. ఓడ కంపెనీలను వెనకేసుకురావడానికి చెప్పడంలేదు. గదులు, లిఫ్టు బటన్లు, రెయిలింగులు, గరిటెలు వేలమంది పంచుకునే చోటు కాబట్టి ఒకసారి అంటుకుంటే వేగంగా పాకుతుంది, అది నిజం. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా దగ్గర ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఓడలో ఉన్నవాళ్లలో 138 మంది మన దేశస్థులు, వాళ్లలో ఎక్కువమంది సిబ్బందే. ప్రయాణికులు గదుల్లో ఉంటే సిబ్బంది వండి, గదిగదికీ మోసుకెళ్లారు, రాత్రికి ఇరుకు గదుల్లో కలిసి పడుకున్నారు. జబ్బు దాచుకుని ఓడెక్కేవాళ్లు ఆ మనుషుల గురించీ ఆలోచించాలి.

దాచుకోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికంటే నష్టం చేసేది. ఎక్కేముందు ఆరోగ్య ఫారం నింపుతారు. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నాయా అని అడుగుతుంది. లక్షలు కట్టాం కదా అని పారాసిటమాల్ వేసుకుని "లేదు" అని టిక్కు పెట్టేవాళ్లున్నారు. నోరోవైరస్ సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. అంటే ఎక్కేరోజు కడుపులో గడబిడగా ఉంటే మర్నాటికి దాచలేనంత అవుతుంది. అప్పటికి మీ గదిలోవాళ్లకు, బల్ల పంచుకున్నవాళ్లకు అంటి ఉంటుంది. ఫారంలో అబద్ధం రాసినట్టు తేలితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి అదొక్కటి చాలు.

నిజం చెబితే ఏమవుతుందో కూడా తెలిసుండాలి. ఓడలో ఉండగా జబ్బు చేస్తే మెడికల్ సెంటరుకు నడిచి వెళ్లకండి, గదిలోంచి ఫోన్ చేయండి. 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ నీళ్ల విరేచనాలయితే, లేదా వాంతితోపాటు జ్వరం, కడుపునొప్పి, తలనొప్పి, ఒళ్లునొప్పుల్లో ఏదొకటుంటే కేసుగా రాసుకుంటారు. లక్షణాలు తగ్గాక కనీసం 24 గంటలయ్యేదాకా గది దాటొద్దంటారు. భోజనం గుమ్మం దగ్గరికి వస్తుంది. పక్కమంచంలోవాళ్లకు లక్షణాలు లేకపోతే సాధారణంగా తిరగనిస్తారు, గమనిస్తూ ఉంటారు. వాంతి నేలమీద పడితే మీరు తుడవకండి, టవల్ వేసి కప్పకండి. హౌస్‌కీపింగ్‌కు చెబితే చేతితొడుగులు, మాస్కులతో వచ్చి క్లోరిన్ మందుతో శుభ్రం చేస్తారు. టాయిలెట్ మూత వేశాకే ఫ్లష్ నొక్కండి. జ్వరం, దగ్గు అయితే మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకూడదు, ఒళ్లు తేలికపడాలి. బయటికొచ్చాక ఐదురోజులు మాస్కు పెట్టుకోమని సీడీసీ సలహా. ఓడ అంతకంటే గట్టిగా ఉంటే ఓడ మాటే నడుస్తుంది.

మందుల సంచీలో ముఖ్యమైనది ఓఆర్‌ఎస్ పొడి. మనిషికి ఆరు ప్యాకెట్లు, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే. పెద్ద ప్యాకెట్లకు సాధారణంగా లీటరు. సగం నీళ్లలో కలిపితే చిక్కబడి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఓఆర్‌ఎస్ అన్న పేరుతో అమ్మిన తియ్యటి టెట్రాప్యాక్ పానీయాలు వద్దు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. షుగరు మాత్రలు, ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు వాంతులైన రోజు వేసుకోవాలా, ఆపాలా అన్నది బయల్దేరేముందే మీ డాక్టరుతో రాయించుకోండి. నడిసముద్రంలో ఆ ప్రశ్న అడగడానికి మీ డాక్టరు దొరకరు.

ఇక డబ్బు. ఇక్కడి ఆరోగ్య బీమా కార్డులతో ఓడ ఆసుపత్రిలో క్యాష్‌లెస్ జరగదు. బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది, దిగేముందు కట్టాలి, తర్వాత ప్రయాణ బీమా కింద తెచ్చుకోవాలి. దిగేముందే మూడు కాగితాలు చేతికి తీసుకోండి: డాక్టరు సంతకమున్న రిపోర్టు, దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీవరకు గదిలో ఉంచారో రాసిన లేఖ. పాలసీలో చూడాల్సింది ప్రీమియం కాదు. ఓడ నుంచి ఒడ్డుకు తరలించే ఖర్చు ఎంతవరకు ఇస్తారు, పాత జబ్బులు కలిశాయా, ప్రయాణం రద్దయితే ఇస్తారా అన్నవి. లక్షద్వీప్ ఓడకు విదేశీ ప్రయాణ పాలసీ చెల్లదు, దేశంలోపలి పాలసీ వేరే తీసుకోవాలి. అమెరికాలో పిల్లలు తీసిచ్చే విజిటర్ పాలసీ, ఓడ మెక్సికోకో కెనడాకో వెళ్లినప్పుడు పనిచేస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. సియాటిల్ నుంచి బయల్దేరే అలాస్కా ఓడలు అమెరికా చట్టం వల్ల విదేశీ రేవులో ఒకసారి ఆగాల్సిందే, సాధారణంగా అది కెనడాలోని విక్టోరియా. మన పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి. "మేం దిగం, ఓడలోనే ఉంటాం" అన్నా కుదరదు. జబ్బుచేసి అక్కడి ఆసుపత్రిలో దింపాల్సి వస్తే ఆ వీసా విలువ తెలుస్తుంది.

మా షరతుల్లో మార్పులివి. విదేశీ క్రూయిజ్‌లన్నిటికీ అడ్వాన్సు కట్టిన రోజే ప్రయాణ బీమా తీసుకోవాలి, ఎక్కడ కొన్నా సరే, కాపీ మాకివ్వాలి. రద్దు కవరేజీ పాలసీ తేదీ నుంచే లెక్కకొస్తుంది కాబట్టి చివర్లో తీసుకుంటే సగం ప్రయోజనం పోతుంది. బయల్దేరే మూడురోజుల ముందు మేం ఫోన్ చేస్తాం. జ్వరం, వాంతులు ఉన్నాయని డాక్టరు చీటీతో చెబితే మా సర్వీసు చార్జీ మొత్తం తిరిగిస్తాం, తేదీ మార్పుకు మళ్లీ తీసుకోం. ఓడ టికెట్ డబ్బు మా చేతిలో లేదు. కొన్ని కంపెనీలు తర్వాతి ప్రయాణానికి క్రెడిట్ ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. ఏ కంపెనీ ఏమిస్తుందో బుకింగ్ కాగితం మీదే తెలుగులో రాసిస్తాం. ఓడ బయల్దేరే ఊరికి ఒకరోజు ముందే చేరేలా మాత్రమే విమానం బుక్ చేస్తాం. అంతకుముందు ట్రిప్పులో జబ్బులు వస్తే ఓడ కడగడానికి గంటలు పట్టి ఎక్కడం ఆలస్యమవుతుంది, తిరుగు విమానమూ మధ్యాహ్నం తర్వాతదే తీసుకుంటాం. 65 దాటినవాళ్లకు నలుగురు ఒకే క్యాబిన్‌లో ఉండే చవక ప్యాకేజీ అమ్మడం మానేశాం. ఒక్క టాయిలెట్ నలుగురికి ఉన్నప్పుడు జబ్బుచేసినవాళ్లను విడిగా ఉంచే దారే లేదు. దీనివల్ల వాళ్ల ప్యాకేజీ ధర పెరుగుతుంది.

ఇంటికొచ్చాక ఒక మాట. తగ్గిపోయినా నోరోవైరస్ రెండువారాలు, ఒక్కోసారి అంతకుమించి మలంలో పోతూనే ఉంటుంది. లక్షణాలు ఆగాక కనీసం రెండురోజులు వంట చేయకండి, మనవలకు తినిపించకండి. బాత్రూంకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 20 మిల్లీలీటర్లు లీటరు నీళ్లలో కలిపి, పూసి, ఐదు నిమిషాలాగి కడగండి. దాన్ని యాసిడ్ టాయిలెట్ క్లీనర్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకు పాత షరతులే వర్తిస్తాయి. కొత్తవాటికి మారాలనుకుంటే తుది చెల్లింపు తేదీకి ముందు పాలసీ కాపీ పంపండి, మా వైపు అదనంగా ఏమీ తీసుకోం. క్యాబిన్ మార్చుకుంటే మాత్రం ఓడ కంపెనీ ఆరోజు ధరకు తేడా అడుగుతుంది.