వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం చేపట్టిన దంత ఆరోగ్య కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం మేరకు మన వయోవృద్ధుల సంఘం ఈ ఏడాది ఎక్కువ శ్రమను నోటి ఆరోగ్యం మీదే పెట్టింది. మోకాళ్ల గురించీ షుగర్ గురించీ గంటల తరబడి మాట్లాడుకునే మనం, పళ్ల దగ్గరికి వచ్చేసరికి "వయసైపోయింది, ఊడక మానతాయా" అని తేల్చేస్తాం. సంక్రాంతి సకినాలను చాయలో నానబెట్టుకుని తినడం మనకు అలవాటైపోయింది. పళ్లు ఊడటానికి ప్రధాన కారణం వయసు కాదనీ, చిగుళ్ల జబ్బూ పిప్పీ అనీ సభ్యుల చేత ఒప్పించడానికే చాలా నెలలు పట్టింది. 80 ఏళ్లు వచ్చినా 20 సొంత పళ్లు మిగలాలన్న లక్ష్యంతో జపాన్ 1989లోనే ప్రచారం మొదలుపెట్టిందని చెప్పినప్పుడు కొందరు నవ్వారు.

మార్చి 20న, ప్రపంచ నోటి ఆరోగ్య దినోత్సవం నాడు, కమ్యూనిటీ హాలులో జరిపిన శిబిరం ఈ ఏడాది మన సంఘానికి గర్వకారణం. ఒక పెద్దావిడ తన కట్టుడు పళ్లను చేతిరుమాలులో చుట్టి తెచ్చి, శుభ్రంగా ఉంటాయని మరిగే నీళ్లలో వేశాననీ, అప్పటి నుంచి దవడకు అమరడం లేదనీ చెప్పారు. వేడికి వాటి ఆకారం మారిపోతుందనీ, పేస్టు గీతలు పడేస్తుంది కాబట్టి మెత్తని బ్రష్షుతో, మామూలు సబ్బుతో తోమాలనీ, రాత్రి తీసి చల్లని నీళ్లలో ఉంచాలనీ, లేకుంటే అంగిట్లో ఫంగస్ పట్టి ఎర్రబడుతుందనీ డాక్టరు గారు వివరిస్తుండగా, వెనక వరుసలో ఒక పెద్దమనిషి మెల్లగా ముఖం పక్కకు తిప్పుకుని తన పళ్ల సెట్టు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆయన దాన్ని రాత్రిళ్లు కూడా తీయరట.

సభ్యులు తెచ్చిన మాత్రల అట్టలు చూసి డాక్టరు గారు, బీపీకి, అలర్జీకి వాడే కొన్ని మందుల వల్ల లాలాజలం తగ్గుతుందనీ, నోరు ఎండిపోతే చిగురు దిగిన చోట పంటి వేరుకు పిప్పి పడుతుందనీ చెప్పారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు పన్ను పీకించుకోవడానికి ముందు వాటిని సొంతంగా మానకూడదనీ, జర్దా అలవాటున్నవారు రెండు వారాలకూ మానని పుండును వెంటనే చూపించుకోవాలనీ గట్టిగా హెచ్చరించారు. అవసరమైనవారిని తర్వాత అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు వెంటబెట్టుకుని వెళ్లాము.

చెప్పక తప్పని సంగతి ఒకటుంది. శిబిరానికి పదకొండు మంది స్వచ్ఛందంగా పేర్లు ఇచ్చారు; ఆ ఉదయం కుర్చీలు వేయడానికి వచ్చినవారు ముగ్గురు. సంచార దంత వైద్య వాహనం పంపిస్తామన్న అధికారికి మూడు ఉత్తరాలు రాశాము. ఫైలు నడుస్తోందని జవాబు వచ్చింది గానీ, వాహనం రాలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు వేరుగా జతచేశారు, చూసి ఆమోదించగలరు. రుసుము తీసుకోకుండా వచ్చిన వైద్యులకు, హాలు ఇచ్చినవారికి, ఉప్మా, చాయ ఏర్పాటు చేసిన మహిళా సభ్యులకు, మైకు సర్దిన కుర్రవాళ్లకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

మంచం పట్టిన సభ్యుల ఇళ్లకు వెళ్లి, వారి నోరు శుభ్రం చేసే పద్ధతిని ఇంట్లోవారికి నేర్పాలని వచ్చే ఏడాదికి ప్రతిపాదిస్తున్నాము. రాగలిగినవారు ఏ ఆదివారం వస్తారో రిజిస్టరులో రాయగలరు. శిబిరానికి ఇచ్చిన పదకొండు పేర్లూ అదే పేజీలో ఉన్నాయి, వాటిని కొట్టివేయలేదు.

కార్యదర్శి