మూడో సినిమా మళ్లీ చూశాను

చిన్నా,

నువ్వు ఫోన్ చేసి 3 వారాలు దాటింది. దాని గురించి రాయడం లేదులే, బిజీగా ఉంటావు. మీ అమ్మ కూడా మామూలుగానే ఉంది, కాకపోతే రోజుకు నాలుగైదుసార్లు నా ఫోన్ తీసి చూస్తోంది. అటక సర్దుతుంటే మన స్టార్ ట్రెక్ సినిమాల సీడీల డబ్బా దొరికింది, అందుకే రాస్తున్నా.

సరి సంఖ్యవి బాగుంటాయి, బేసివి బాగోవు అని ఫ్యాన్స్ లెక్కొకటి ఉందని నువ్వే చెప్పావు కదా. 1979లో వచ్చిన మొదటిదాంట్లో మన పర్సిస్ ఖంబట్టా నిజంగా గుండు చేయించుకుని నటించినా నాకు నిద్రే వచ్చింది. 2002 నాటి పదోది ఆ లెక్కనే చెడగొట్టిందనుకో. నీకు ఇది మూడో కంపెనీ కదూ? ఊరికే గుర్తొచ్చింది. మీ కంపెనీలో చాలామందిని తీసేశారని సుబ్బు బావ అన్నాడు, వాడి మాటలు నేను పట్టించుకోను.

రెండోది చూసిన రాత్రి గుర్తుందా? నీకు తొమ్మిదేళ్లు. వాళ్ల అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్‌ను కాపాడటానికి స్పాక్ రేడియేషన్ గదిలోకి పోతాడు, డాక్టర్ అడ్డొస్తే మెడ నొక్కి పడేసి మరీ. కెప్టెన్ కిర్క్ పరుగెత్తుకొచ్చేసరికి మధ్యలో అద్దం. సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. తర్వాతి సినిమాలో బతికొస్తాడ్రా అని ఎంత చెప్పినా నమ్మవు, ఒకటే ఏడుపు, అన్నం ముట్టవు. స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్తే షాపతను షట్టర్ సగం దించేశాడు, ఆ కింద నుంచే బతిమాలి మూడోది తెచ్చాం. పన్నెండింటికి కరెంటొచ్చింది. రెండో సీడీ గీతలు పడి ఆగి ఆగి నడిచినా స్పాక్ లేచేదాకా నువ్వు కదల్లేదు. మర్నాడు నీకు లెక్కల పరీక్ష. మీ అమ్మ మనిద్దరితో రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పుడు స్పాక్ గొప్పవాడనిపించాడు. మొన్న ఆదివారం రెండూ వరసగా చూస్తే కోపమొచ్చింది. చుట్టూ అంతమంది ఉండగా ఎవరికీ చెప్పకుండా లోపలికి పోయి తలుపేసుకోవడమేంటి? మూడోది బేసి అయితే ఏం, వాడొక్కడి కోసం ఎంటర్‌ప్రైజ్‌నే ఎత్తుకుపోయి చివరికి పేల్చేసుకుంటారు. కిర్క్ కొడుకు సంగతి రాయను, మీ అమ్మ చదువుతుంది.

ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్లకు 60 రోజులే గడువట కదా. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకో, ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచుకో, క్రెడిట్ కార్డు మీద బతకొద్దు, రాత్రిళ్లు నూడుల్స్ తిని పడుకోవద్దు... లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను, ఆపుతున్నా. నా ఎఫ్‌డీ వచ్చే నెల మెచ్యూర్ అవుతోంది. ఊరికే చెప్తున్నా.

నాలుగోదాంట్లో తిమింగలాల కోసం శాన్ ఫ్రాన్సిస్కో వస్తారే, ఆ అక్వేరియం సీన్లు మాంటెరీలో తీసినవి. నీకు దగ్గరేగా, వెళ్లి ఫోటో పంపు. నువ్వు కనపడాలి అందులో, చేపలు కాదు.

నాన్న

తా.క.: ఆవకాయ మీద నూనె తేలుతోందా? లేకపోతే నువ్వుల నూనె కాచి చల్లార్చి పోయి. తడి గరిటె పెట్టకు. ఎంత పొయ్యాలో తెలియకపోతే ఫోన్ చెయ్యి, రాత్రి రెండైనా పర్లేదు.