గొరిల్లాకు పది మీటర్ల ఎడం: ఉగాండా వన్యప్రాణి సంస్థ అధిపతికి బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

1996లో ఉగాండాలోని బ్విండి అడవి గొరిల్లాలకు గజ్జి సోకింది. వెంట్రుకలు రాలి, చర్మం పొలుసులు కట్టి, ఒక పిల్ల చనిపోయింది. మిగతావాటిని వన్యప్రాణి వైద్యురాలు డాక్టర్ గ్లాడిస్ కలేమా-జికుసోకా ఐవర్‌మెక్టిన్ అనే మందుతో కాపాడారు. జబ్బు మనుషుల బట్టల నుంచే వచ్చిందని అనుమానం. అందుకే ఆమె అడవి చుట్టుపక్కల ఊరివాళ్ల ఆరోగ్యాన్నీ కలిపి చూస్తున్నారు.

గొరిల్లా ప్రతి రాత్రీ కొత్త గూడు కట్టుకుంటుంది. అది వదిలేసిన గూట్లోని మలం తీసి పరీక్షిస్తే చాలు, జంతువును ముట్టకుండానే పేగుల్లోని పురుగుల సంగతి తెలుస్తుంది. ఎంత ఓపికైన పని!

మన జలుబు వాటికి న్యుమోనియా కావచ్చు. పర్యాటకులు మాస్కు తీయకుండా, పది మీటర్ల ఎడం తప్పకుండా చూడండి. గొరిల్లాలను చూడటానికి కట్టిన పర్మిట్ డబ్బు పోతుందన్న భయంతోనే దగ్గును దాచేస్తారు. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను గేటు దగ్గరే ఆపి, డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి.

ఇట్లు,
కొందరు తెలుగు వన్యప్రాణి వైద్యులు