బడి తోట: నీళ్ళ వంతు ఎవరిది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వానలు పడ్డాయి, నేల మెత్తబడింది. బడి వెనక ఖాళీ స్థలంలో పిల్లలు, మీరు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కలిసి వేసుకుందామనుకున్న కూరగాయల తోట పని ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు మొదలవుతుంది. వచ్చేముందు ఒక్క సంగతి ఆలోచించి రమ్మని మా మనవి. బడి తోటలు పురుగు పట్టి పోయేదానికన్నా సెలవుల్లో నీళ్ళు లేక పోయేదే ఎక్కువ. మొదటి రోజు అందరం ఉంటాం. దసరా సెలవుల్లో బకెట్ పట్టుకునేవాళ్ళు కావాలి. అందుకే ఎన్ని మడులు వేయాలో స్థలాన్ని చూసి కాదు, నీళ్ళు పోయగలిగిన వంతులను చూసి తేల్చాం. పన్నెండు చాలు. మిగతా స్థలం ఈ ఏడాదికి అలాగే ఉండనిద్దాం.

ఒక్కో మడి 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. ఇంతకన్నా వెడల్పు పెడితే చిన్నపిల్లల చెయ్యి మధ్యదాకా అందదు. అందక మడిలోకి కాలు పెడతారు, తొక్కిన మట్టి గట్టిపడి వేరు దిగదు. మడికీ మడికీ మధ్య అడుగున్నర దారి వదులుతాం. వాన లేని రోజున మడికి సుమారు 15 లీటర్లు, అంటే ఒక బకెట్ నీళ్ళు పడతాయి. మొత్తం పన్నెండు బకెట్లు. కుళాయి పక్కనే ఉంది కాబట్టి ఇద్దరుంటే అరగంట పని. వేపచెట్టు కింద చల్లగా ఉంటుంది కదా, అక్కడ వేద్దామని కొందరు అన్నారు. కూరగాయలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, పైగా చెట్టు వేళ్ళు మనం పోసిన నీళ్ళు లాగేస్తాయి. కాబట్టి అక్కడ వద్దు.

ఆదివారం ఎక్కువ సమయం తీసుకునేది మట్టి పనే. ఆ చోట బడి కట్టినప్పటి కంకర, సిమెంటు పెళ్ళలు ఉన్నాయి. అడుగు లోతు తవ్వి అవన్నీ ఏరెయ్యాలి. రాళ్ళ కుప్పల్లో తేళ్ళు, పాములు ఉండొచ్చు. ఆ కుప్పలను పెద్దవాళ్ళే ముందు గడ్డపారతో కదిపి తీస్తారు, పిల్లలు ముట్టుకోకూడదు. అందరూ బూట్లు వేసుకుని రండి. తవ్విన మట్టిపై రెండు అంగుళాల మందాన పశువుల ఎరువు పరిచి, మడికి కిలో వేపపిండి చల్లి కలిపి, నేలకన్నా ముప్పావు అడుగు ఎత్తు చేస్తాం. ఎత్తు లేకపోతే గట్టి వాన పడ్డప్పుడు నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ఎరువు ఒక ట్రాక్టర్ ట్రాలీ సరిపోతుంది. ఇచ్చేవాళ్ళు ముందు చేత్తో పట్టి చూడండి. పొడిపొడిగా రాలి మట్టి వాసన వస్తే బాగా చివికినట్టు. ఇంకా పేడ వాసనే వస్తుంటే తేవద్దు. పచ్చి పేడ వేడికి లేత వేళ్ళు మాడతాయి, చెదలు కూడా చేరతాయి.

నాలుగు మడులు ఆకుకూరలకు, మూడు బెండకు, మూడు వంగకు, రెండు టమాటా, మిరపకు. బీర, సొర పాదులు ప్రహరీ వెంట పందిరి మీదికి. తోటకూర విత్తనం ఇసుక రేణువంత ఉంటుంది, పిల్లలు పిడికిలితో చల్లితే ఒకేచోట గుత్తుగా పడుతుంది. చెంచాడు విత్తనానికి ఐదు గుప్పెళ్ళ పొడి ఇసుక కలిపి చల్లిస్తాం. మడి చుట్టూ కాస్త బియ్యప్పిండి చల్లితే చీమలు విత్తనాన్ని వదిలి దాన్ని మోసుకుపోతాయి. మీ ఇళ్ళలో నానమ్మలకు, అమ్మమ్మలకు ఇలాంటివి మాకన్నా బాగా తెలుసు, వాళ్ళను తప్పక తీసుకురండి. బెండ గింజలు ముందురోజు రాత్రి నానబెట్టి, వరుసల మధ్య అడుగున్నర, గింజల మధ్య అడుగు దూరంలో పెడతాం. వంగ, టమాటా, మిరప మాత్రం నారు పోసి పెంచి సాయంత్రం పూట నాటాలి. వంగ, టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, మిరప నారు 35 నుంచి 40 రోజులకు. నారుమడికి ప్రేమ కొద్దీ ఎక్కువ నీళ్ళు పోస్తే మొదలు కుళ్ళి మొక్కలు వరసగా వాలిపోతాయి. పైమట్టి ఆరాకే మళ్ళీ తడపండి.

రసాయన మందులు కొట్టం, పిల్లలు తినే కూర అది. అందుకు బదులు రోజూ చూడాలి. వంగలో మొక్క అంతా పచ్చగా ఉండి ఒక్క చిగురు మాత్రం తల వేలాడేస్తే, నీళ్ళు చాలలేదని బకెట్ కుమ్మరించకండి. దాన్ని తుంచి గోటితో చీల్చి చూస్తే లోపల తెల్లటి లేదా లేత గులాబీ రంగు పురుగు, అది తొలిచిన పొడి కనబడతాయి. వాడిన చోటికి అంగుళం కిందకి కత్తిరించి, ఆ ముక్కను చెత్త గుంటలో వేయకుండా కాల్చెయ్యాలి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపుపచ్చగా మారితే అది పల్లాకు తెగులు, నయం కాదు. తెల్లదోమ పక్క మొక్కలకు అంటించకముందే పీకెయ్యాలి. లేత ఆకులకు గుంపుగా పట్టి రసం పీల్చే చిన్న పురుగులకు, అంటే పేనుబంకకు, లీటరు నీళ్ళకు 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం చల్లితే సరిపోతుంది.

కాపు మొదట మధ్యాహ్న భోజనానికి వెళ్తుంది, మిగిలింది ఆ రోజు వంతు వాళ్ళది. బెండ రోజు విడిచి రోజు కోయాలి. కొన విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ముదిరిందని. ముదిరిన కాయ చెట్టు మీదే ఉండిపోతే కొత్త పూత తగ్గిపోతుంది. ఇప్పుడు పెట్టిన బెండ, వంగ దసరా నాటికి నిండు కాపులో ఉంటాయి, కాబట్టి సెలవుల వంతు వాళ్ళకు కోత పని కూడా ఉంటుంది.

వేసవిలో తోట పెంచం. ఏప్రిల్‌లో మొక్కలు తీసేసి, మడులపై ఎండుటాకులు కప్పి వదిలేస్తాం. గట్టున పెట్టే మునగ, కరివేపాకులకు మాత్రం వారానికి రెండుసార్లు నీళ్ళు పోయాలి.

ఆదివారం ఇంట్లో ఉన్న పార, గడ్డపార, తట్ట తెచ్చుకోండి. వంతుల పుస్తకం ఆఫీసు గదిలో బల్ల మీద ఉంది. రోజుకు రెండు కుటుంబాల చొప్పున గీసి పెట్టాం. దసరా, సంక్రాంతి పేజీలు ముందు నింపండి. ఊరెళ్ళే పనుంటే ఎవరితో మార్చుకున్నారో అందులోనే రాయండి.

మీ
ప్రధానోపాధ్యాయులు